అర్ధరాత్రి పెంకుల మీద ఏడ్చేది ఎవరు?

మా వీధిలో పెంకుటిళ్లు నాలుగే మిగిలాయి, వాటిలో మాదొకటి. నిడదవోలు జంక్షన్‌లో రాత్రిపూట గూడ్సు బండి ఆగి, మళ్లీ కదిలి, భీమవరం లైనులోకి వెళ్లిపోయాక ఊరు కాసేపు నిశ్శబ్దంగా ఉంటుంది. నా చిన్నప్పుడు సరిగ్గా ఆ వేళకే మా కప్పు మీద పసిబిడ్డ ఏడుపు లాంటిది వినిపించేది. సన్నగా మొదలై, సాగి సాగి, గుండె పట్టేసేలా పెరిగేది. మా మామ్మ నిద్రలోంచి లేచి కూర్చుని, "పిల్లి ఏడుస్తోందర్రా, ఎవరింటికి చేటో" అని దణ్ణం పెట్టుకునేది. మేం దుప్పట్లు నెత్తిదాకా లాక్కునేవాళ్లం.

అది ఏడుపూ కాదు, అశుభమూ కాదు. ఎదకొచ్చిన ఆడపిల్లి గండుపిల్లిని పిలుస్తోంది, అంతే. ఆవు ఎదకొస్తే అరుస్తుందని, గేదె తీగలు వేస్తుందని పాడి ఉన్న ప్రతి ఇంటికీ తెలుసు. పిల్లి దగ్గరికి వచ్చేసరికి అదే సంగతి మనకు అపశకునమైపోయింది. ఎదలో ఉన్న పిల్లి నేలమీద దొర్లుతుంది, మనుషుల కాళ్లకు, గుమ్మాలకు, మంచం కోళ్లకు ఒళ్లు రాసుకుంటుంది, వీపు మీద చెయ్యి వేస్తే ముందుకాళ్లు వంచి వెనక భాగం పైకెత్తి తోక పక్కకు తిప్పుతుంది. మొదటిసారి చూసినవాళ్లు దానికి కడుపునొప్పి వచ్చిందనుకుని కంగారుపడతారు. మా పిల్లి బుల్లికి మొదటిసారి అలా అయినప్పుడు మేమూ కంగారుపడ్డాం. అప్పటికి దానికి ఐదు నెలలు. ఇంకా పసిదే అనుకుంటున్నాం.

పిల్లి విషయంలో అందరం పొరబడేది ఇక్కడే. సాధారణంగా ఐదారు నెలలకు, కొన్నిటికి నాలుగో నెలకే మొదటి ఎద వస్తుంది. పాలపళ్లు రాలి అసలు పళ్లు వచ్చే వయసది. ఎద దాదాపు వారం రోజులుంటుంది. మగతోడు దొరక్కపోతే సద్దుమణిగి, రెండు మూడు వారాల్లో మళ్లీ మొదలవుతుంది. చూడి నిలిస్తే 63 నుంచి 65 రోజుల్లో ఈనుతుంది. ఈతకు మూడు నుంచి ఐదు పిల్లలు. వాటికి పాలిస్తూ ఉండగానే మళ్లీ చూడి కట్టగలదు.

పిల్లి ఎదకు గడియారం పగటి వెలుతురు. కంట్లో పడే వెలుగు తగ్గితే మెదడులో మెలటోనిన్ అనే హార్మోను పెరుగుతుంది, అది ఎదను ఆపేస్తుంది. వెలుగు పెరిగితే మళ్లీ ఎద మొదలవుతుంది. చలికాలంలో పొద్దు బాగా కుదించుకుపోయే ఇంగ్లండులోనో కెనడాలోనో ఇంటి బయట తిరిగే పిల్లులకు అందుకే కొన్ని నెలలు విరామం. మనకు ఆ విరామం లేదు. నిడదవోలు భూమధ్యరేఖకు ఉత్తరాన 17 డిగ్రీల దగ్గర ఉంది. ఇక్కడ డిసెంబరులో కూడా పగలు 11 గంటలుంటుంది, జూన్‌లో 13 గంటలు దాటుతుంది. దానికి ఇంట్లో రాత్రి పదింటిదాకా వెలిగే లైటు తోడు. దాంతో మన పిల్లి దాదాపు ఏడాది పొడవునా ఈనగలదు.

ఇంకో సంగతి ఉంది. ఆవుకైనా మనిషికైనా అండం తన లెక్క ప్రకారం తాను విడుదలవుతుంది. పిల్లికి అలా కాదు. సాధారణంగా గండుపిల్లి కలిసిన తర్వాతే, ఆ కలయిక వల్లే, అండాలు విడుదలవుతాయి. గండుపిల్లి జననాంగం మీద వందకు పైగా సన్నటి ముళ్లలాంటివి ఉంటాయి. అవి రాపిడి పెట్టగానే ఆడపిల్లి మెదడుకు కబురు అందుతుంది, అక్కడినుంచి ఒక హార్మోను ఒక్కసారిగా రక్తంలోకి దూకుతుంది, ఒకటి రెండు రోజుల్లో అండాలు విడుదలవుతాయి. కలయిక కొన్ని సెకన్లే. అది ముగియగానే ఆడపిల్లి పెట్టే కేకను, వెంటనే మగదాని మీదికి పంజా విసరడాన్ని విన్నవాళ్లు, చూసినవాళ్లు మరిచిపోరు. ఒక్క కలయికతో సాధారణంగా పని జరగదు. ఒకే రాత్రి చాలాసార్లు, తరచు వేర్వేరు మగవాటితో కలుస్తుంది. అందుకే ఒకే ఈతలో పుట్టిన నాలుగు పిల్లలకు ఇద్దరు ముగ్గురు తండ్రులు ఉండవచ్చు. తల్లి బూడిదరంగుదైతే పిల్లల్లో ఒకటి నలుపు, ఒకటి చారలది ఎలా వచ్చాయని మా పిన్ని ఎప్పుడూ ఆశ్చర్యపోయేది. దానికి ఇదొక జవాబు.

అండం వృథా పోకుండా ప్రకృతి చేసుకున్న ఏర్పాటు ఇది. ఒంటరిగా తిరిగే జంతువు, మగతోడు ఎప్పుడు ఎదురవుతుందో తెలియని జంతువు, తోడు దొరికాకే అండం విడుదల చేస్తే గురి తప్పదు. ఎలుకల కోసం ధాన్యపు గాదెల చుట్టూ చేరి ఇంటిపిల్లిగా మారకముందు అడవి పిల్లి ఎడారి బీళ్లలో మైళ్ల దూరం ఒంటరిగా తిరిగేది. దానికి ఈ ఏర్పాటు ప్రాణం నిలబెట్టింది. వీధికి పది గండుపిల్లులు ఉన్న మన ఊళ్లో అదే ఏర్పాటు దాని బతుకును నరకం చేస్తోంది.

ఒక జంట పిల్లులు ఏడేళ్లలో 4,20,000 అవుతాయనే లెక్క ఒకటి ప్రపంచమంతా తిరుగుతోంది. అది నిజం కాదు. పుట్టిన ప్రతి కూనా బతికి, ప్రతి ఆడదీ ఈని, వాటి పిల్లలన్నీ మళ్లీ బతికితే వచ్చే అంకె అది. అలా ఎక్కడా జరగదు. అమెరికాలోని నార్త్ కరొలినాలో వీధి పిల్లులను వెంటబడి గమనించిన పరిశోధకులు 2004లో ప్రకటించిన లెక్క నాకు అంతకన్నా భయం పుట్టించింది. వాళ్లు చూసిన 169 పిల్లకూనల్లో 127 ఆరు నెలలు నిండకముందే చచ్చిపోయాయి, లేదా కనిపించకుండా పోయాయి. నూటికి 75. కారణం తెలిసిన చావుల్లో ఎక్కువ భాగం గాయాల వల్లే.

అంటే మన వీధుల్లో పిల్లులు లక్షలకు పెరగకపోవడానికి కారణం పిల్లకూనల చావే. కుటుంబ నియంత్రణ అక్కడ ఎప్పుడూ నడుస్తూనే ఉంది. ఆకలితో, కుక్కలతో, లారీ చక్రాలతో, కాలువ నీళ్లతో నడుస్తోంది. ఆపరేషన్ చేయించాలా వద్దా అని మనం ఆలోచించేటప్పుడు ఒకవైపు మాతృత్వాన్ని, మరోవైపు కత్తిని పెట్టి తూకం వేస్తాం. నిజానికి తూకంలో రెండోవైపు ఉన్నది ఈ నూటికి 75.

ఇది నాకు పుస్తకంలో చదవకముందే తెలుసు, తెలిసిందని ఒప్పుకోవడానికి ఏళ్లు పట్టింది. నాకు పదేళ్లప్పుడు మా వడ్లకొట్టులో పిల్లి ఈనింది. నాలుగు పిల్లలు, ఇంకా కళ్లు తెరవలేదు. చిన్నాన్న వాటిని గోనెసంచిలో వేసి, సైకిలు వెనక నన్ను కూర్చోబెట్టుకుని, సంచి నా ఒళ్లో పెట్టాడు. కాలువ వంతెన దాటి, ఒక రైసు మిల్లు వెనక ఊక కుప్ప పక్కన సంచి మూతి విప్పి వదిలి వచ్చేశాం. "మిల్లులో ఎలుకలకు కొదవా? తిని బతుకుతాయిలే" అన్నాడు. చిన్నాన్న చెడ్డవాడు కాదు. పిల్లిని చంపితే బంగారు పిల్లిని చేయించి దానమివ్వాలని విని పెరిగినవాడు, చంపలేక వదిలేశాడు. కానీ కళ్లు తెరవని పిల్లకూన ఎలుకను తినడం మాట అటుంచి, తల్లి నాలుకతో నాకకపోతే మూత్రం కూడా పోయలేదు. తన ఒంటి వేడిని తాను నిలుపుకోలేదు. పుట్టిన ఏడు నుంచి పది రోజులకు గానీ దానికి కళ్లు తెరుచుకోవు. మేం వదిలేసిన ఆ సాయంత్రం తర్వాత వాటికి ఎంతసేపు ఉండి ఉంటుందో ఇప్పుడు నాకు తెలుసు. ఆకలిదప్పులతో బాధపడే స్థితిలో జంతువును వదిలిపెట్టడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం కింద నేరమని కూడా ఇప్పుడు తెలుసు. తల్లిపిల్లి మూడు రోజులు కొట్టు చుట్టూ అరుస్తూ తిరిగింది. రెండు నెలల తర్వాత మళ్లీ ఈనింది.

పిల్లికి ఆపరేషన్ అనగానే మా వీధిలో చాలామంది, "పాపం కదండీ, నోరులేని జీవికి" అంటారు. వాళ్ల మనసును నేను తక్కువ చేయను. కానీ ఈ డెల్టాలో కోడెకు విత్తు కొట్టించకుండా కాడి కట్టిన రైతు ఉన్నాడా? మా తాత కోడెలను పశువుల ఆసుపత్రికి తోలుకెళ్లి బర్డిజో పట్టకారుతో నొక్కించుకొచ్చేవాడు. మత్తు లేదు, ఏమీ లేదు. దాన్ని ఎవరూ పాపమనలేదు, వ్యవసాయం అన్నారు. మన అవసరానికి ఎద్దుకు చేసినదాన్ని, దాని మేలు కోసం పిల్లికి, అదీ మత్తు ఇచ్చి చేయించడానికి వెనకాడటంలో న్యాయం నాకు కనిపించదు.

బుల్లిని రాజమండ్రి తీసుకెళ్లాం. బుట్ట కొనలేదు. కూరగాయల ప్లాస్టిక్ బుట్టలు రెండు ఎదురెదురుగా బోర్లించి పురికొసతో కట్టి, లోపల నా పాత లుంగీ పరిచాను. ప్యాసింజరు చాగల్లు, కొవ్వూరు దాటి గోదావరి వంతెన ఎక్కేదాకా అరుస్తూనే ఉంది. ముందురోజే అక్కడి పశువుల డాక్టరమ్మ గారు ఫోనులో చెప్పారు: పెద్ద పిల్లి అయితే రాత్రి తిండితో ఆపేయాలి, కూన కాబట్టి ఆపరేషన్‌కు నాలుగు గంటల ముందు ఆపితే చాలు, ఎక్కువసేపు మాడిస్తే ఒంట్లో చక్కెర పడిపోతుందని.

"ఒక్క ఈత ఈననిచ్చి చేయిద్దామనుకున్నామండి" అన్నాను.

"ఎందుకండీ?" అన్నారావిడ.

నా దగ్గర జవాబు లేదు. అందరూ అలాగే అంటారు కాబట్టి నేనూ అన్నాను.

తలుపు దగ్గర నిలబడి చూడనిచ్చారు. మత్తు సూది వేశాక బుల్లి ఐదారు నిమిషాల్లో ఒరిగిపోయింది, కానీ కళ్లు తెరిచే ఉన్నాయి. నాకు గుండె ఆగినంత పనైంది. పిల్లులకు వాడే కొన్ని మత్తుమందుల్లో కళ్లు మూతపడవని, రెప్ప వేయలేదు కాబట్టి కన్ను ఎండిపోకుండా మందు రాస్తారని డాక్టరమ్మ గారు చెబుతూనే రెండు కళ్లలో జెల్లు రాశారు. పొట్ట మీద అరచేతి మేర బొచ్చు గీసి, మందు పూసి, ఆకుపచ్చ గుడ్డ కప్పారు. కోత నా చిటికెన వేలి గోరు కన్నా కాస్త పెద్దది. అందులోంచి సన్నటి కొక్కెంతో గర్భాశయాన్ని బయటికి తీశారు. పంగలకర్ర ఆకారంలో ఉంది, రెండు కొమ్ములు పురికొస లావు. కొమ్ము చివర శనగగింజ కన్నా చిన్న అండాశయం. ఎద లక్షణాలను పుట్టించే హార్మోను అందులోంచే వస్తుంది. రక్తనాళాన్ని దారంతో బిగించి కట్టి, కత్తిరించి, రెండో వైపూ అలాగే చేసి, పొరపొరగా కుట్టేశారు. ఇరవై నిమిషాలు పట్టింది. మగపిల్లికైతే ఇంత కూడా లేదు. తిత్తి మీద రెండు చిన్న గాట్లు, లోపలి నాళాన్ని దానితోనే ముడి వేయడం, చర్మానికి కుట్టు కూడా అక్కర్లేదు. ఐదు నిమిషాల పని.

ప్రమాదం లేదా? ఉంది. మత్తు అన్నాక ఎక్కడైనా ఉంటుంది. బ్రిటన్‌లో వేల పిల్లుల మీద చేసిన పెద్ద అధ్యయనం 2008లో వచ్చింది. ఆరోగ్యంగా ఉన్న పిల్లుల్లో మత్తు వల్లనో, దాని తర్వాతి ఇబ్బందుల వల్లనో చనిపోయినవి వెయ్యికి ఒకటి. ఆ ఒక్కటి మన పిల్లే కావచ్చన్న భయం నాకూ ఉంది. కానీ ఆపరేషన్ లేని పిల్లి ప్రాణానికి ఉన్న ముప్పుల పక్కన పెడితే ఆ అంకె చాలా చిన్నది. గర్భాశయంలో చీము చేరే జబ్బు వాటిలో ఒకటి. కొన్నిసార్లు పైకి ఏమీ కనిపించదు, పిల్లి నీళ్లు ఎక్కువ తాగుతుంది, తిండి మానేస్తుంది, ఆలస్యమైతే చనిపోతుంది. రొమ్ము క్యాన్సర్ ఇంకొకటి. పిల్లుల్లో వచ్చే రొమ్ము గడ్డల్లో నూటికి 85కు పైగా ప్రాణాంతకమైనవే. "ఒక్క ఈత" అన్న మాటకు అసలు జవాబు ఇక్కడే ఉంది. 2005లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం ఆరు నెలలు నిండకముందే ఆపరేషన్ అయిన పిల్లులకు ఈ క్యాన్సర్ ముప్పు నూటికి 91 పాళ్లు తగ్గింది, ఏడాదిలోపు చేయిస్తే 86 పాళ్లు. రెండో ఏడు వచ్చేసరికి లాభం 11 పాళ్లకు పడిపోయింది, ఆ తర్వాత ఏమీ లేదు. ఈనిందా లేదా అన్నదానికి, ఈ ముప్పుకు సంబంధమే కనిపించలేదు. ఒక్క ఈత ఈననిస్తే పిల్లికి ఆరోగ్యం అన్నది వట్టి మాట. ఆ ఒక్క ఈత కోసం ఆగిన నెలల్లో మంచి కాలం చేజారిపోతుంది. అందుకే ఇప్పుడు పశువైద్యులు ఐదు నెలల లోపే చేయించమంటున్నారు.

గండుపిల్లి గురించి ఎవరూ పట్టించుకోరు, "మగదేగా, మన ఇంట్లో ఈనదుగా" అంటారు. ఊళ్లో పిల్లలు పుట్టడంలో సగం పాత్ర దానిది. పైగా ఆపరేషన్ వల్ల ఎక్కువ సుఖపడేదీ అదే. గండుపిల్లి గోడలమీద, మోటారు సైకిలు సీటు మీద, వడ్ల బస్తాల మీద నిలబడి వెనక్కి చిమ్మే మూత్రానికి ఆ ఘాటైన కంపు ఎందుకో తెలుసా? దాని మూత్రంలో ఫెలినిన్ అనే పదార్థం ఉంటుంది, గాలి తగిలాక అది విరిగి గంధకం కంపు కొట్టే వాయువులవుతుంది. దీని తయారీని కాక్సిన్ అనే ప్రోటీన్ నడిపిస్తుందని జపాన్ శాస్త్రవేత్తలు 2006లో తేల్చారు. మగ హార్మోను తగ్గితే అదీ తగ్గుతుంది. ఆపరేషన్ అయిన గండుపిల్లుల్లో నూటికి తొంభై దాకా ఇలా చిమ్మడం మానేస్తాయి లేదా బాగా తగ్గిస్తాయి. తిరుగుడు తగ్గుతుంది, పోట్లాటలు తగ్గుతాయి. చెవులు చీలి, మెడ మీద చీముగడ్డతో మిల్లు గోడ మీద కూర్చునే ముసలి గండుపిల్లిని మీరూ చూసే ఉంటారు. ఆ కాట్ల ద్వారానే పిల్లుల్లో రోగనిరోధక శక్తిని తినేసే వైరసు ఒకదాని నుంచి మరొకదానికి ఎక్కుతుంది. 1986లో కాలిఫోర్నియాలో కనుక్కున్న ఈ వైరసు మనుషుల ఎయిడ్స్ వైరసుకు దూరపు చుట్టం. మనకు అంటదు, పిల్లిని మాత్రం మెల్లగా తినేస్తుంది. ఆపరేషన్ అయిన గండుపిల్లిని కొన్ని వారాలపాటు ఆడపిల్లులకు దూరంగా ఉంచాలి. నాళాల్లో మిగిలిన వీర్యం అంతవరకు పనిచేయవచ్చు.

ఇంటికి తెచ్చాక చేసే పొరపాట్లే అసలు ప్రమాదం. ఇది నేను ఎంత గట్టిగా చెప్పినా తక్కువే. పిల్లికి నొప్పిగా ఉందని మనం వేసుకునే జ్వరం మాత్ర వేయకండి. పారాసిటమాల్‌ను విరిచి బయటికి పంపే ఎంజైము పిల్లి కాలేయంలో పనిచేయదు. ఆ ఎంజైమును తయారుచేసే జన్యువు పిల్లి జాతి మొత్తంలో ఎప్పుడో చెడిపోయింది. 500 మిల్లీగ్రాముల మాత్ర ఒక్కటి చాలు, ఇంటి పిల్లి చనిపోవడానికి. చిగుళ్లు మట్టిరంగుకు తిరుగుతాయి, మొహం, పాదాలు ఉబ్బుతాయి, ఊపిరి ఆడదు. నొప్పికి డాక్టరు రాసిన మందు, రాసిన చుక్కలే వేయాలి. మత్తు దిగేదాకా ఒళ్లు చల్లబడుతుంది కాబట్టి వేడినీళ్ల సీసాను తువ్వాలుతో చుట్టి పక్కన పెట్టాలి. కుట్లు నాకకుండా మెడకు పట్టీ కట్టాలి. బుల్లి ఆ పట్టీని ఒక పూటలో ఊడబీకేసింది. మా పిన్ని నా పాత బనీను కత్తిరించి, నాలుగు కాళ్లకు కన్నాలు పెట్టి చొక్కా కుట్టింది. పది రోజులు అదే తొడిగాం.

ఆపరేషన్ ఎందుకు, నెలనెలా సూది వేయించొచ్చుగా, మాత్ర వేయొచ్చుగా అని అడిగేవాళ్లున్నారు. ఎదను ఆపే ఆ హార్మోను మందులు పిల్లుల్లో గర్భాశయంలో చీము పట్టడానికి, రొమ్ము గ్రంథులు ఉబ్బడానికి, గడ్డలకు దారితీస్తాయి. ఏళ్ల తరబడి వాడే మందు కాదది.

లావవుతుందన్న మాట నిజమే. ఆపరేషన్ తర్వాత పిల్లి శరీరానికి కావలసిన శక్తి దాదాపు పావు వంతు తగ్గుతుంది, ఆకలి మాత్రం పెరుగుతుంది. కంచంలో ఆ పావు తగ్గిస్తే లావు కాదు. మన ఇళ్లలో చిక్కు వేరే ఉంది, పిల్లికి మనం పెట్టేది పెరుగన్నం. పిల్లి పూర్తి మాంసాహారి. టారిన్ అనే పోషకం దానికి మాంసం, చేపల నుంచే రావాలి, అది లేకపోతే కంటిచూపు పోతుంది, గుండె కండరం బలహీనపడుతుంది. ఆపరేషన్ అయిన పిల్లి వీధిలో వేట తగ్గించి ఇంటిపట్టున ఉంటుంది కాబట్టి దాని కంచంలో ఏముందో మనం మరింత చూసుకోవాలి. ఉప్పూ కారం వేయకముందే కాస్త ఉడికిన చేప పక్కకు తీసి పెట్టడం గోదావరి జిల్లాల్లో ఎవరికీ కష్టం కాదు.

ఒక్క ఇంటి పిల్లికి చేయిస్తే ఆ పిల్లికి మేలు. ఊరికి మేలు జరగాలంటే మాత్రం లెక్క వేరు. ఇజ్రాయెల్‌లోని రిషోన్ లెజియోన్ అనే పట్టణంలో పన్నెండేళ్లపాటు వీధి పిల్లులను లెక్కపెట్టి, ఆ ఫలితాలను 2022లో ప్రకటించారు. కొన్ని పేటల్లోనే ఆపరేషన్లు చేసినంతకాలం సంఖ్య తగ్గలేదు. చుట్టుపక్కల పేటల నుంచి కొత్తవి వచ్చి చేరాయి. పక్కపక్క పేటల్లో ఏకకాలంలో, నూటికి 70కి పైగా పిల్లులకు చేసి, ఆపకుండా కొనసాగించాకే ఏటా నూటికి ఏడు చొప్పున తగ్గడం మొదలైంది. అప్పుడు కూడా పోటీ తగ్గినందువల్ల మిగిలిన కూనలు ఎక్కువగా బతకసాగాయి, ఆ పెరుగుదల తగ్గుదలను కొంత మింగేసింది. మన ఊరికి ఇందులో పాఠం ఉంది. నాలుగు వీధుల్లో నాలుగు పిల్లులకు చేయించడం కన్నా, ఒక వార్డు పట్టుకుని పూర్తిచేసి పక్క వార్డుకు వెళ్లడం మేలు. ఆపరేషన్ అయిన వీధిపిల్లిని గుర్తుపట్టడానికి మత్తులో ఉండగానే చెవి కొసను కాస్త కత్తిరించే పద్ధతి ప్రపంచమంతా ఉంది. దాంతో ఒకే పిల్లిని రెండోసారి పట్టే బాధ తప్పుతుంది.

కుక్కలకు ఇలాంటి ఏర్పాటు మన దేశంలో ఉంది. 2001లో కుక్కల జనన నియంత్రణ నియమాలు వచ్చాయి, వాటి స్థానంలో 2023 మార్చిలో కొత్తవి వచ్చాయి. హైదరాబాదులో 1992 నుంచి బ్లూ క్రాస్, విశాఖలో 1996 నుంచి విశాఖ జంతు సంరక్షణ సంఘం లాంటి సంస్థలు నిలబడి పనిచేయబట్టి పెద్ద నగరాల్లో జనానికి ఈ ఆపరేషన్లంటే తెలుసు. చిన్న ఊళ్లలో పిల్లి ఎవరి లెక్కలోకీ రాదు. కరవదనుకుంటారు కాబట్టి ఫిర్యాదు ఉండదు, పాలివ్వదు కాబట్టి పథకం ఉండదు. నిజానికి పిల్లి కూడా కరుస్తుంది, దాని కాటుతోనూ రేబిస్ రావచ్చు. గాయాన్ని పావుగంట సబ్బునీళ్లతో కడిగి టీకాకు వెళ్లాలి. ఆపరేషన్ రోజునే రేబిస్ టీకా వేయిస్తే రెండు పనులూ ఒక ప్రయాణంలో అవుతాయి.

మన డెల్టాకు ఇంకో బాధ్యత ఉంది. కాకినాడ దగ్గర కోరింగ మడ అడవుల్లో చేపలు పట్టి బతికే బావురుపిల్లి ఉంది, ప్రపంచంలో ముప్పున్న జంతువుల్లో అదొకటి. చెరుకు తోటల్లో, పొలం గట్లమీద అడవిపిల్లి తిరుగుతుంది. మనం వదిలేసిన ఇంటిపిల్లుల నుంచి వాటికి జబ్బులు అంటవచ్చు, అడవిపిల్లితో అయితే సంకరం కూడా జరగవచ్చు.

కత్తి అవసరం లేని రోజు కూడా రావచ్చు. 2023 జూన్‌లో అమెరికాలోని సిన్సినాటి జంతు ప్రదర్శనశాల, మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రి శాస్త్రవేత్తలు ఒక ఫలితం ప్రకటించారు. అండాశయంలోని అండపు తిత్తులను ఎదగనీయకుండా ఆపే ఒక హార్మోను తాలూకు జన్యువును, హాని చేయని వైరసులో ఎక్కించి, ఆరు ఆడపిల్లుల తొడ కండరంలో ఒక్కసారి సూదిగా ఇచ్చారు. రెండేళ్లపాటు చూశారు. గండుపిల్లిని తోడు పెట్టినా ఆ ఆరింటిలో ఒక్కటీ ఈనలేదు, సూది వేయని మూడూ ఈనాయి. ఆరు పిల్లులంటే చాలా చిన్న లెక్క, ఆ సూది ఇంకా మందుల షాపుకు రాలేదు. అది వచ్చేదాకా ఆగుదామని ఎవరైనా అంటే, ఈలోపు ఎన్ని గోనెసంచులు కాలువ వంతెన దాటుతాయో ఆలోచించమంటాను.

2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారి నిడదవోలు తూర్పు గోదావరిలో కలిసింది, జిల్లా కేంద్రం రాజమండ్రి మనకు రైల్లో గంట లోపు దూరం. అయినా బుట్ట పట్టుకుని బండి ఎక్కలేని ముసలివాళ్లు, కూలి పోగొట్టుకోలేని వాళ్లు మన ఊళ్లో చాలామంది. నెలకు ఒక్క రోజు, మన పశువుల ఆసుపత్రిలో, వార్డు వార్డుకూ వంతు పెట్టి పిల్లులకు ఆపరేషన్, టీకా జరిగేలా చూడమని మున్సిపాలిటీని, పశుసంవర్ధక శాఖను అడుగుదాం. నేను మా వార్డు తరఫున అర్జీ రాశాను, మీ వార్డు నుంచి మీరూ రాయండి. అంతలోపు మీ ఇంట్లో పిల్లకూన ఉంటే, అది పుట్టిన తేదీకి ఐదు నెలలు కలిపి గోడ మీద క్యాలెండరులో ఎర్ర సిరాతో సున్నా చుట్టండి. ఆ తేదీ దాటకముందే డాక్టరును కలవండి.